‘ఫోను చూడ నెండ’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ ఆటవెలది ఏ కావ్యంలోనిదో తెలియదు. పాడేరులో ఒక లాడ్జి గది తలుపు వెనక పెన్సిలుతో రాసి ఉంది. తడిసిన మేజోళ్ళు ఆరేసుకుంటూ రాశాడని శైలిని బట్టి ఊహ. నాయకుడు విశాఖపట్నంలో ఉండే ఒక ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రాఫరు. కార్తీకం వెళ్ళిన రోజుల్లో అద్దె కారు మాట్లాడుకుని, చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి, వంజంగి మబ్బుల కొండకు బయలుదేరాడు. కాళ్ళ కింద మేఘాలు సముద్రంలా పరుచుకుని ఉండగా అందులోంచి సూర్యుడు లేవాలి. అతను కోరింది అంతే.

ఫోను చూడ నెండ, పోయి చూచిన వాన,
కొండ మీద మబ్బు, గుండె దిగులు;
కాళ్ళు మూడు నిలిపి, గాలిలో వణకుచు,
తెలుపు తెరను తీసె దీక్షతోడ.

టీక: ఫోను = అరచేతిలో వెలుగు జ్యోతిష్కుడు; చూడన్ = పడుకోబోయే ముందు చూడగా; ఎండ = పసుపుపచ్చని సూర్యుని బొమ్మ; పోయి = అర్ధరాత్రి డ్రైవరును నిద్రలేపి, ఘాట్ మలుపులన్నీ తిరిగి; చూచినన్ = కారు అద్దం తుడిచి చూడగా; వాన = వానే; కొండ మీద = కొండ కింద ఉండవలసిన చోట గాక పైన; మబ్బు = మేఘము; గుండె దిగులు = కారు కిరాయి మొదలగు వాటిని తలచుకొనుట; కాళ్ళు మూడు = ట్రైపాడ్ (నాయకునివి కలిపి ఐదు అనువారు కలరు); నిలిపి = బురదలో దిగేసి; తెలుపు తెరను = ఎదుట ఉన్నదానిని; తీసెన్ = ఫొటో తీసెను; దీక్షతోడన్ = పట్టుదలతో.

తాత్పర్యం: ఎండ కాస్తుందని నమ్మి వెళ్ళినవాడు వానలో నిలబడి, ఏమీ కనపడని చోట ఏమీ కనపడని ఫొటో తీశాడు.

విశేషాలు: ఫోను అబద్ధమాడిందని నాయకుని పక్షం. వ్యాఖ్యాత ఒప్పుకోడు. వాతావరణాన్ని లెక్కకట్టేవారు నేలను గడులుగా కోస్తారు. మన వాతావరణ శాఖ 2025లో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. అంతకు ముందు 12. అంత సన్నగా కోసినా పాడేరు బజారూ వంజంగి కొండకొనా ఒకే గడిలో పడవచ్చు. గడికి జవాబు ఒక్కటే. ఆ పూట పాడేరు బజారులో నిజంగానే కాసేపు ఎండ వచ్చింది, దండెం మీద బట్టలు ఆరాయి. గడి మాట నెగ్గినట్టే.

ఇక మబ్బు. టీకలో ‘మేఘము’ అని తేల్చేశాం గానీ అసలు కథంతా ఇక్కడే ఉంది. కొండల్లో మబ్బు రెండు జాతులు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట లోయలోకి దిగి నిలుస్తుంది. అందులోని తేమ పొగమంచవుతుంది. పైన వెచ్చటి గాలి మూత వేసినట్టు కూర్చుంటుంది. మామూలుగా వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గాలి. ఇలాంటి తెల్లవారుజామున లెక్క తిరగబడి లోయలోనే చలి ఎక్కువ. కొండకొన ఆ మూతకు పైన ఉంటే మేఘసముద్రం, కింద ఉంటే తెల్లగోడ. రెండో జాతి బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టినప్పటిది. తూర్పుగాలి కొండ ఎక్కుతూ చల్లబడి కొండ నెత్తినే మబ్బు కడుతుంది. పద్యంలో వాన ఉంది కనుక ఇది రెండో జాతిదని నిర్ణయం.

మబ్బే లేకపోతే నాయకుడు సంతోషించేవాడా అంటే, లేదు. ‘ఖాళీ ఆకాశం’ అని విసుక్కుని కెమెరా సంచిలో పెట్టేసేవాడు. అతనికి మబ్బు కావాలి, అదీ తాను నిలుచున్న చోటికి వంద మీటర్లు కిందుగా, సూర్యుడు లేచే వేళకు. మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే. ఆ కావ్యంలో యక్షుడు మేఘానికి దారి చెబుతాడు, మేఘం వింటుంది. మన నాయకుని మాట వినేది డ్రైవరొక్కడే, అదీ సగమే.

‘వణకుచు’ అన్నదానికి కర్త ఎవరు? కాళ్ళా, మనిషా? రెండూ. ట్రైపాడ్ నడిమి కొక్కేనికి సంచి వేలాడదీస్తే బరువుకు నిలబడుతుందని విని అలాగే చేశాడు. గాలికి సంచి ఊగింది, దాంతో కెమెరా ఊగింది. సంచి అడుగు నేలకు ఆనేలా కట్టాలన్నది అతను వినని సగం.

‘తెలుపు’ మీద శాస్త్రచర్చ ఉంది. కెమెరాలోని మీటరు ఎదుటి దృశ్యాన్ని మధ్యరకం బూడిదరంగుగా లెక్కవేస్తుంది. మంచును దాని ఇష్టానికి వదిలితే బూడిదే వస్తుంది. తెలుపు రావాలంటే ఒక స్టాపు దాకా వెలుగు పెంచాలి. ఫొటోలో తెర తెల్లగానే వచ్చిందంటే నాయకుడు పనితనం గలవాడే. చూపే ఒకవైపు బిగుసుకుంది. వెనక్కి తిరిగితే కాఫీ తోట: మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, ఒక వరుస కన్నా దాని వెనక వరుస పలచగా, మంచులో కరిగిపోతూ. మంచులో తప్ప దొరకని బొమ్మ అది. టీ పాకలో అమ్మ ‘మబ్బు ఇంక లేవదు బాబూ, ఇటు రా’ అని పిలిచింది కూడా. ఆయన లోయ వైపే చూస్తున్నాడు.

అలంకారం విషమం: కోరింది ఒకటి, దక్కింది మరొకటి. రసం శాంతమని కొందరు; టైరు బురదలో దిగాక రౌద్రమని డ్రైవరు.

చివరి పాదానికి ‘తెలుపు తెరను తీసె తిండి మాని’ అని డ్రైవరు చెప్పే పాఠాంతరం ఒకటుంది. యతి సరిపోయింది, గణాలు సరిపోయాయి. అయినా గ్రాహ్యం కాదు. వెనక సీటు మీద మాడుగుల హల్వా నేతి మరక ఇప్పటికీ పోలేదు.