గుర్రం వెనక్కెందుకు వెళ్ళింది?

చదరంగంలో కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్ ఒంటబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మా మనవడికి రెండు వీడియోలు పట్టాయి. వచ్చేసిందని వాడే అంటాడు.

మా రోజుల్లో 1953 జూరిచ్ టోర్నీ మీద బ్రాన్‌స్టీన్ రాసిన పుస్తకం, అదీ ఎరువు తెచ్చుకున్నది, బల్ల పక్కన పెట్టుకుని ఒక్కో ఎత్తుకీ తల గోక్కునేవాళ్ళం. తెల్లవాడు నడుమంతా ఆక్రమిస్తుంటే నల్లవాడు గుర్రం ఎఫ్6, బంటు జీ6, శకటు జీ7, డీ6, కాసిల్ అంటూ ఇల్లు సర్దుకుంటాడేమిటి? (శకటు అంటే మావాడికి నవ్వు. బిషప్ అనాలట.) ఈ5 కొట్టాలా, సీ5 కొట్టాలా అన్నది అవతలివాణ్ణి చూసి తేల్చుకుంటాడన్నమాట. ఈ5 కొడితే, తెల్లవాడు డీ5తో నడుమ మూసేశాడా, ఎఫ్6 గుర్రం వెనక్కి, దాని వెనకున్న బంటు ముందుకి. ఎఫ్5, ఎఫ్4, జీ5, జీ4... రాజు మీదికే. అటు మంత్రి వైపు సీ5తో తెల్లవాడూ తవ్వుకొస్తుంటాడు. సీ8 శకటు కదలకుండా కూర్చున్నా అగ్గువకి ఇచ్చుకోకూడదు. రేపు హెచ్3 దగ్గర ప్రాణమిచ్చేది అదే.

మొన్న ఆదివారం మావాడు ఫోన్లో ఆడుతున్నాడు. అవతలివాడు డీ5 నెట్టలేదు, ఈ5 బంటును కొట్టి మంత్రుల్ని మార్చేశాడు. మావాడు యథాప్రకారం గుర్రాన్ని వెనక్కి లాగి ఎఫ్5!

"ఒరేయ్, నడుమ తెరుచుకుంది, మంత్రులు లేరు. ఎవరి మీదికిరా దండయాత్ర?"

"వీడియోలో ఇలాగే ఆడారు తాతయ్యా."

సీ, ఈ బంట్లు ముందుకెళ్ళిపోయాక డీ4 గడిని కాయడానికి తెల్లవాడికి బంటే లేదు. సీ6తో మన డీ5కి గొళ్ళెం పెట్టి, రెండో గుర్రాన్ని ఏ6, సీ5, ఈ6 మీదుగా డీ4లో దింపరా అన్నాను. వాడు వినకుండా ఇంజన్ తెరిచాడు. మొత్తం ఓపెనింగే తెల్లవాడికి బాగుందట. కాస్పరోవే 1997లో క్రామ్నిక్ బీ4 దెబ్బ తిన్నాక దీన్ని దాదాపు మానేశాడట. ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన తెలిసి వదిలాడు, వీడు తెలియక పట్టుకున్నాడు. పేరులో ఇండియన్ ఎందుకుందిరా అంటే నోరు వెళ్ళబెడతాడు. 1850ల్లో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ కాక్రేన్ దొర మీద ఇలాంటి ఎత్తులే వేశాడని వీడియోలో చెప్పలేదు కాబోలు.

ఆ ఆట ఓడాడు. "అయితే నువ్వాడు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. మూడు నిమిషాల ఆట. నా గుర్రం ఈ6 చేరేసరికి టైమ్ అయిపోయింది.