చచ్చిన సర్వర్లకు కాపలా

సర్వరు చచ్చేముందు మనతో ఓ మాట చెప్పి చావాలనుకోవడం అత్యాశేమీ కాదు. ఆ మాట చెప్పించుకునే ఏర్పాటునే మెమరీ అలర్టు అంటారు. ప్రతి ఆఫీసులోనూ అది ఉందనే చెబుతారు. ఎక్కడుందని మాత్రం అడక్కూడదు.

అమెజాన్ వారి ఈసీ2 సర్వరు అద్దెకు తీసుకుంటే, సీపీయూ ఎంత నడిచిందో, నెట్‌వర్కులో ఎంత పారిందో వాళ్ల నిఘా సర్వీసు క్లౌడ్‌వాచ్ అయిదు నిమిషాలకోసారి ఊరికే చెబుతుంది. మెమరీ ఊసెత్తదు. అందులో వాళ్ల తప్పేం లేదు. ఇంటి ఓనరుకు బయటి కరెంటు మీటరు కనబడుతుంది గానీ, మన అటక మీద ఎన్ని మూటలున్నాయో ఆయనకేం తెలుసు? లోపలి లెక్క కావాలంటే క్లౌడ్‌వాచ్ ఏజెంటును సర్వరు లోపల మనమే పెట్టుకోవాలి. ఆ లెక్కకు నెలనెలా కాస్త డబ్బూ పడొచ్చు.

మనవాళ్ల పొదుపు ఇక్కడే బయటపడుతుంది. మెమరీ నిండి కూలిపోయే అప్లికేషనుకు సీపీయూ అలారం కడతారు. అదేమయ్యా అంటే, "అదైతే ఫ్రీగా వస్తోంది సార్" అంటారు.

కొందరు పుణ్యాత్ములు ఏజెంటు కూడా పెడతారు. కానీ రద్దీని బట్టి సర్వర్లను పెంచి, తగ్గించే ఆటో స్కేలింగులో సర్వరు ఆయుష్షు గంటల లెక్క. సాయంత్రం రద్దీకి పుట్టింది అర్ధరాత్రికి ఉండదు. మనవాడు సోమవారం కూర్చుని, ఆ క్షణాన బతికున్న నాలుగు సర్వర్ల ఐడీల మీద నాలుగు అలారాలు పెట్టి, 'డన్' అని టికెట్టు మూసేస్తాడు. మంగళవారానికి ఆ నాలుగూ పోతాయి. కొత్తగా వచ్చినవాటికి అలారం ఉండదు. పోయినవాటి అలారాలు మాత్రం 'డేటా చాలదు' అంటూ బూడిదరంగులో కూర్చునే ఉంటాయి. చచ్చినవాటికి కాపలా, బతికున్నవాటికి దిక్కులేదు! ఎర్రగా ఏదీ కనబడదు కనుక వారం రిపోర్టులో అంతా క్షేమం. మెమరీ లెక్కను ఆటో స్కేలింగ్ గ్రూపు పేరు మీద పంపమని ఏజెంటు సెట్టింగుల్లో రాస్తే ఈ బాధే లేదు. కానీ టికెట్టు మూసేశారు కదా!

గ్రూపు లెక్క కట్టినవాళ్లది మరో ముచ్చట. వాళ్లు సగటు తీస్తారు. పది సర్వర్లలో తొమ్మిది 40 శాతం దగ్గర, ఒకటి 99 దగ్గర ఉంటే సగటు 46 కూడా దాటదు. అలారం పెట్టింది 80కి. పదోది కొన ఊపిరితో ఉన్నా తెర మీద పచ్చగానే ఉంటుంది. సగటు కాదు, గరిష్ఠం చూడమంటే, "అప్పుడు మోగుతూనే ఉంటుంది సార్" అంటారు. మోగడానికే కదయ్యా పెట్టింది!

ఈలోగా మెమరీ నిండుతుంది. లినక్స్‌లోని ఓఓఎం కిల్లర్ రంగంలోకి దిగుతుంది. దానికి మీటింగులుండవు, అప్రూవల్సుండవు. మామూలుగా ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌నే పట్టుకుని చంపేస్తుంది. అంటే మన అప్లికేషన్నే. అది చావగానే సీపీయూ తగ్గుతుంది. సీపీయూ చూసి నడిచే ఆటో స్కేలింగు దాన్ని చూసి, పనేం లేదు కాబోలనుకుని, ఉన్న సర్వర్లలో ఒకదాన్ని తీసేయగలదు కూడా. అప్లికేషను పోయిన మెషీను మాత్రం నిక్షేపంగా నడుస్తుంటుంది కాబట్టి, మామూలు హెల్త్ చెక్కులో అది 'ఆరోగ్యంగా ఉంది'. లోడ్ బ్యాలెన్సరు హెల్త్ చెక్కును కూడా లెక్కలోకి తీసుకోమని మనం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పోనీ, అలారం నిజంగానే మోగిందనుకుందాం. ఎవరికి? అలారం కబురు చేరవేసే ఎస్ఎన్‌ఎస్‌లో మెయిలు ఐడీ ఇస్తే, ముందుగా ఓ నిర్ధారణ లింకు వస్తుంది. అది నొక్కేదాకా ఒక్క హెచ్చరికా రాదు. మనవాళ్లు ఇచ్చింది టీమందరి ఉమ్మడి ఐడీ. ఎవరో ఒకరు నొక్కే ఉంటారని అందరూ అనుకున్నారు. ఒకవేళ నొక్కినా, ఆ మెయిళ్లు నేరుగా ఓ ఫోల్డరులోకి పోయేట్టు అందరూ ఎప్పుడో రూలు రాసుకున్నారు.

కాబట్టి ఈ వారమే ఒక్క పని చేయండి. టెస్టు గ్రూపులో కొత్తగా పుట్టిన ఓ సర్వరు తీసుకుని, స్ట్రెస్-ఎన్‌జీ అనే టూలుతో దాని మెమరీ కావాలనే నింపండి. ఫలానా మనిషి ఫోను మోగి, ఆ మనిషి లేచి చూస్తే మీకు అలర్టు ఉన్నట్టు. ఎవరి ఫోనూ మోగకపోతే, మీ అలర్టు మీ కస్టమరే. ఆయన మాత్రం తప్పకుండా ఫోన్ చేస్తాడు. డబ్బు కట్టేది ఆయన కదా!