‘మేడ మీద పెట్టె’ పద్యానికి టీకా తాత్పర్యం

మేడ మీద పెట్టె మెదలక కూర్చుండ
తోటలోన ఫోను తూలియాడు
గోడ లడ్డమైన కోతికొమ్మచ్చియై
తీగ దిగిన బొమ్మ తేటపడును

అవతారిక: నూజివీడు దాపున, ఇంటి వెనకే మా చిన్నరసాల తోట. కాయ పక్వానికొచ్చే రోజుల్లో కాపలా తప్పదు. సెలవులకు వచ్చిన మేనల్లుణ్ణి పాకలో కూర్చోబెట్టాం. వాడి కంప్యూటరేమో మేడ మీద. కాపలా, వీడియో గేమూ రెండూ సాగాలన్న తపన లోంచి పుట్టిందీ పద్యం. ఆట గురించి గనక ఆటవెలది.

ప్రతిపదార్థం: పెట్టె = గ్రాఫిక్స్ కార్డు బిగించిన కంప్యూటరు (రసాలు సర్దేది కాదు); మెదలక కూర్చుండ = కదలక ఉండగా. ‘కూర్చుండ’ అన్నాడే గాని ‘పడుకొన’ అనలేదు, గమనించాలి. స్లీప్ మోడ్‌లోకి జారిన పెట్టె ఆటను పంపదు. తూలియాడు = తూలి + ఆడు, యడాగమం.

ఆక్షేపం: ఫోను ఆడుననుట ఎట్లు? ఆట నడిచేది మేడ మీద కదా!

సమాధానం: నిజమే. పెట్టె ఒక్కో బొమ్మనూ గీసి, వీడియోగా కుదించి, వై-ఫైలో వదులుతుంది. ఫోను విప్పి చూపుతుంది, అంతే. వేలి నొక్కు తిరుగుదారిన మేడెక్కుతుంది. కారణం ఒకచోట, కార్యం మరొకచోట. కాబట్టి అలంకారం అసంగతి. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు, ఆ లెక్క తప్పితే ‘తూలి’. కుర్రాళ్లు దీన్నే లాగ్ అంటారు.

2014లో స్టీమ్ అనే ఆటల వేదిక ఈ విద్యను ఇంటి నెట్‌వర్కులోకి తెచ్చింది. మావాడు వాడేది వేరు. పంపేది సన్‌షైన్, అందుకునేది మూన్‌లైట్. చంద్రుడికి సొంత వెలుగు లేదు గదా! వ్యాఖ్యాతకు ఇంతకన్నా పండగేముంది?

గోడలు + అడ్డమైన = గోడలడ్డమైన, ఉత్వసంధి. మాది తాతలనాటి ఇల్లు, గోడలు మూరెడు మందం. 5 గిగాహెర్ట్జ్ వై-ఫై వేగం ఎక్కువే గాని గోడ దాటేసరికి నీరసిస్తుంది, 2.4 అయితే దూరం పోతుంది గాని వేగం చాలదు, పైగా అందరూ ఆ దారే. అప్పుడు బొమ్మ కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంది. కోతికొమ్మచ్చి అంటే ఇదే. ముళ్లపూడి వారి పుస్తకం కాదు.

తీగ = మేడ మీంచి పాకలోని రెండో రౌటరు దాకా లాగిన ల్యాన్ కేబుల్. దొండతీగ అన్న వ్యాఖ్య త్యాజ్యం. ఈ తీగకు హద్దు 100 మీటర్లు. మా తోటలో చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం. అంటే పదో చెట్టు దాకా. పాక తొమ్మిదో చెట్టు కింద.

తాత్పర్యం: తీగ లాగితే ఆట తేరుకుంటుంది. కాపలా సంగతి కవి చెప్పలేదు.

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘తీగ తెగిన’ అని ఒక పాఠం ఉంది. గణాలు సరిపోతాయి, అర్థమే పొసగదు. కర్త ఉడత. మొన్న ఆదివారం నుంచి మా తోటలో ఈ పాఠమే ప్రచారంలో ఉంది.