వెనక మూత విప్పని సరుకు

సికింద్రాబాద్‌లో మా సీతాఫల్‌మండి బజార్లో ఇప్పుడు ఏ సెల్‌ఫోన్ దుకాణం బోర్డు చూసినా ‘ఏఐ’ అన్న రెండక్షరాలే. ఫోనుకి ఏఐ, ఫ్రిజ్‌కి ఏఐ, బట్టలుతికే మెషీన్‌కీ ఏఐ. ‘అది ఏం చేస్తుంది బాబూ?’ అని అడిగితే, కౌంటర్లో కుర్రాడు ‘అప్‌డేట్‌లో వస్తుంది అంకుల్’ అంటాడు. ఎప్పుడో వచ్చేదానికి ఇవాళే డబ్బు కట్టడం మా రోజుల్లో ఎక్కడుందండీ?

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఆ రోజుల్లో మా పేటలో టీవీ అంటే ఈసీ టీవీ. ఎ.ఎస్. రావుగారు 1967లో అణుశక్తి శాఖ కింద నిలబెట్టిన ఈసీఐఎల్‌లో, తార్నాక, మౌలాలి దాటితే వచ్చే ఫ్యాక్టరీలో తయారైన సరుకు అది. దుకాణంలో ఆన్ చేసి, బొమ్మ నిలబడిందని చూపించాకే డబ్బు తీసుకునేవాళ్లు. ఇంటికొచ్చాక బొమ్మ పైకీ కిందికీ పరిగెత్తితే వర్టికల్ హోల్డ్ తిప్పి మనమే సరిచేసుకునేవాళ్లం. అదీ కుదరకపోతే మెకానిక్ వచ్చి, వెనక మూత స్క్రూలు విప్పి, పోయిన కండెన్సర్ చేతిలో పెట్టి మరీ చూపించేవాడు. పోయిందేమిటో, కొత్తదాని ఖరీదెంతో ఇంటిల్లిపాదికీ తెలిసేది.

మా పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. రైలు పెట్టెలు విప్పి బిగించే చేతులున్న ఇళ్లే చుట్టూరా. విప్పడానికి వీల్లేని వస్తువు తెస్తే ఆ ఇళ్లలో గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఇప్పటి ఫోనుకి బ్యాటరీని జిగురేసి అంటించేస్తారు. మూడేళ్లకి అది డీలా పడితే, మార్చే ఖర్చు చెప్పి ‘దీని బదులు కొత్తదే తీసుకోండి’ అంటారు. పాత ఐఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేశామని 2017 డిసెంబరులో యాపిలే ఒప్పుకుంది. బ్యాటరీ ముసలిదైతే ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా చేశామని దానికో కారణం చెప్పింది. కారణం ఉంటే ఉండొచ్చు. నా జేబులో ఉన్న ఫోనులో మార్పు చేసేటప్పుడు నాకొక మాట చెప్పక్కర్లేదా?

గొప్పలు చెప్పేవాళ్లు అప్పుడూ ఉన్నారు, కాదనను. 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై నీళ్లలో మూలికలు వేసి పెట్రోలు తీస్తానంటే దేశమంతా నోరెళ్లబెట్టింది. ఆ కేసు నడిచి నడిచి 2016లో చెన్నై సీబీఐ కోర్టు ఆయనకి మూడేళ్ల శిక్ష వేసింది. అదే 2016లో నోయిడాలో ఒక కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ ఇస్తామంది. కోట్ల మంది పేర్లు నమోదు చేసుకున్నారని ఆ కంపెనీయే చెప్పుకుంది. ఇరవై ఏళ్లలో మనం నేర్చుకున్నదేమిటో చెప్పండి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆకాశ్ టాబ్లెట్. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ దాన్ని విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీ మన హైదరాబాద్‌లోనే బిగించిన సరుకు. ప్రపంచంలోనే అతి చవకైన టాబ్లెట్ అన్నారు, దేశంలో ప్రతి విద్యార్థికీ అందుతుందన్నారు. ఉస్మానియా యూనివర్సిటీ మాకు కూతవేటు దూరం. పల్లెల నుంచి వచ్చి మా సందుల్లో గదులు అద్దెకి తీసుకుని చదువుకునే పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి. రెండువేల చిల్లరకి చేతిలో కంప్యూటరంటే అలాంటి పిల్లలకి ఎంత ఆశ! తీరా చూస్తే 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే తప్ప కదలని తెర, మూడు గంటలు నిలవడమే గగనమైన బ్యాటరీ. ఏడాది తర్వాత ఆకాశ్-2 మెరుగ్గానే వచ్చింది, కానీ అప్పటికే పేరు చెడిపోయింది. చవగ్గా చేయడం తప్పు కాదు, అది పుణ్యమే. ముందు ఓ వెయ్యిమంది పిల్లల చేతికిచ్చి, ఓ ఏడాది వాడించి, లోపాలు దిద్దుకున్నాక డప్పు కొట్టి ఉంటే, ఆ పని నిలబడేదని నా నమ్మకం.

అమెరికా వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! హ్యూమేన్ అనే కంపెనీ చొక్కాకి తగిలించుకునే ఏఐ పిన్ ఒకటి తెచ్చింది. ఇక తెర చూసుకునే పనే తగ్గిపోతుందని ఊరించి, 699 డాలర్లు పెట్టింది, పైన నెలనెలా చందా. 2025 ఫిబ్రవరిలో కంపెనీ ఆస్తుల్ని హెచ్‌పీకి అమ్ముకుంది, ఆ నెలాఖరుకే పిన్నులు పలకడం మానేశాయి. వస్తువు కొన్నవాడి చొక్కా మీదే ఉంది, దాని ప్రాణం అమ్మినవాడి కంప్యూటర్లో పోయింది. ఈసీఐఎల్ టీవీల తయారీ మానేశాక కూడా మా వీధి ఇళ్లలో ఆ టీవీలు మోగుతూనే ఉన్నాయి. నా కడుపుమంట దీనికే.

కొత్తదంతా చెడ్డదని నేననడం లేదు. ఫోను చెల్లింపులతో కూరగాయల బండి దగ్గర చిల్లర గొడవ తప్పింది, వీడియో కాల్‌లో దూరదేశంలో ఉన్న మనవడి ముఖం రోజూ కనిపిస్తోంది. ఆ రెండూ చెప్పిన పని చేస్తున్నాయి, నేనూ హాయిగా వాడుకుంటున్నాను.

కొన్న వస్తువు అర్ధంతరంగా మూగబోకుండా ఐరోపా వాళ్లు చట్టమే చేశారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోను మోడల్‌కి, అమ్మకాలు ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు అందించాలి. మన దగ్గర 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టారు. ఏ వస్తువు బాగుచేయడానికి ఎంత వీలో చూపించే సూచీ కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మంచిదే, కానీ నాకది చాలదు. మందుసీసా మీద గడువు తేదీ వేసినట్టు, ప్రతి ఫోను పెట్టె మీదా అప్‌డేట్లు ఆగిపోయే తేదీ, బ్యాటరీ మార్పిడి ఖరీదు తెలుగులో అచ్చు వేయించాలి. ‘రాబోతోంది’ అన్న పనులేవీ ఆ పెట్టె మీద రాయనివ్వకూడదు.