కవచం మందం, బుర్ర మందం

టైగర్ ట్యాంకు ముందు కవచం మందం ఎంత? 100 మిల్లీమీటర్లు. రష్యావాళ్ల టీ-34ది? 45, కాకపోతే ఏటవాలుగా ఉంటుంది. యుద్ధ చరిత్ర రుచి మరిగినవాళ్లను అర్ధరాత్రి లేపి అడిగినా ఈ లెక్కలు తడుముకోకుండా అప్పజెబుతారు. ఆ శ్రద్ధకు దండం పెట్టాల్సిందే. నా గోడల్లా ఒకటే. ఇనుము మందాన్ని ఇంత కచ్చితంగా కొలిచిన పండితులు, ఆ ఇనుమును ఎటు తోలాలో తేల్చిన పెద్దల బుర్ర మందాన్ని మాత్రం ఏ పట్టికలోనూ ఎక్కించలేదు. సిపాయి ప్రాణం చాలాసార్లు పోయింది ఆ రెండో మందం వల్లనే.

ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర హైవుడ్ అని చిన్న అడవి ఉంది. 1916 జూలై 14 ఉదయం అది ఖాళీగా ఉంది. ముందు వరసలోని బ్రిటిష్ అధికారులు నడిచి వెళ్లి మరీ చూసొచ్చారు. "కాల్బలాన్ని పంపుతాం" అంటే, పైనుంచి "ఆగండి, గుర్రాలొస్తున్నాయి" అని జవాబు. సర్వసేనాని హేగ్ దొరవారు స్వయంగా అశ్వదళం మనిషి. గుర్రాలు లేకుండా గెలిస్తే ఏం బాగుంటుంది? ఫిరంగి గుండ్లు తవ్విపోసిన నేల దాటుకుని అవి వచ్చేసరికి సాయంత్రమైంది. ఈలోగా జర్మన్లు రానే వచ్చారు. అప్పుడు దిగారు మనవాళ్లు. మనవాళ్లని మాటవరసకు అనడం లేదు. అది 20వ దక్కన్ హార్స్, నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన రెజిమెంటు. చేతుల్లో బల్లేలు, ఎదురుగా మెషీన్‌గన్లు. పైరులో గుర్రాలు దూకించి కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు, తమవాళ్లను కొందరిని పోగొట్టుకున్నారు, తెల్లారేలోగా వెనక్కి రమ్మంటే వచ్చేశారు. పొద్దున నడిచి వెళ్లి తీసుకోదగ్గ ఆ అడవి బ్రిటిష్‌వాళ్ల చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

అది చేతికొచ్చిన రోజు సెప్టెంబరు 15. ప్రపంచంలో మొట్టమొదటిసారి ట్యాంకులు యుద్ధానికి దిగింది కూడా ఆ రోజే. సిద్ధం చేసినవి 49. వాటిలో చాలా బయలుదేరే గీత దాకా కూడా రాలేక దారిలోనే మొరాయించాయి. వచ్చినవాటి వైభోగం వినండి. లోపల ఎనిమిది మంది. వాళ్ల నడుమనే ఇంజను, అడ్డుగోడ లేదు. వేడి 50 డిగ్రీలు, దానికి తోడు పెట్రోలు పొగ. వేగం గంటకు ఆరు కిలోమీటర్లు. బండి పక్కకు తిరగాలంటే నలుగురు కలిసి కష్టపడాలి. ఆ రొదలో మాట వినపడదు కాబట్టి ఇంజను మూత మీద కొట్టి సైగ చేసుకోవాలి. బయటికి కబురు పంపాలా? పంజరంలో పావురాలున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు మహాయంత్రం రాజుల కాలపు టపా పెట్టుకుని బయలుదేరింది.

హైవుడ్ మీదికి నాలుగు ట్యాంకులు పంపాలని కోర్ కమాండర్ పుల్ట్నీ నిర్ణయం. "అయ్యా, అది అడవి. విరిగిన మొద్దులూ గుంతలూ తప్ప దారి లేదు. ట్యాంకుల్ని అంచుల వెంట పంపండి" అని 47వ డివిజన్ అధిపతి బార్టర్ మొత్తుకున్నాడు. పెద్దాయన వినలేదు. ట్యాంకులు మొద్దుల మధ్యకే వెళ్లాయి, అనుకున్నట్టే ఇరుక్కున్నాయి. దారి తప్పిన ఒకటి సొంత సిపాయిల కందకం మీదే కాల్పులు జరిపింది. చివరికి అడవి దక్కింది గానీ, డివిజన్‌లో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిసి నాలుగు వేలకు పైనే. ఇక విచారణ, శిక్ష ఉండాలి కదా! సైనికుల్ని వృథాగా బలిపెట్టాడన్న నింద మోపి ఉద్యోగం నుంచి తీసేసింది వద్దని మొత్తుకున్న బార్టర్‌నే. పుల్ట్నీ గారు? 1920 నుంచి 1941 దాకా బ్రిటన్ ప్రభువుల సభలో నల్లబెత్తం పట్టుకుని ముందు నడిచే గౌరవ పదవి వెలగబెట్టారు. ఆ బెత్తం ఎవరి వీపు మీద పడాలో చరిత్ర ఇంకా చెప్పలేదు.

ట్యాంకుల వింతలు చెప్పుకునేవాళ్లు ఎక్కువగా నవ్వేది న్యూజిలాండ్ మంత్రి బాబ్ సెంపుల్‌ను చూసి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వచ్చి పడుతుందేమోనన్న భయం ఉంది, బ్రిటన్ నుంచి ట్యాంకులు రావడం లేదు. ఆయన రోడ్లేసే ట్రాక్టరు మీద ముడతల ఉక్కు రేకులు బిగించి, ఆరు బ్రెన్ తుపాకులు గుచ్చి, "ఇదిగో ట్యాంకు" అన్నాడు. గేరు మార్చాలంటే బండి ఆపాలి. ఒక తుపాకీ కాల్చేవాడు ఇంజను మీద పరిచిన పరుపు మీద పడుకుని కాల్చాలి. జనం నవ్వారు, ప్రాజెక్టు మూలపడింది. నేను మాత్రం సెంపుల్ గారికి ఒక దండ వేస్తాను. యుద్ధ చరిత్రలో సిపాయికి పరుపు గురించి ఆలోచించిన మంత్రి ఇంకొకడు నాకు తెలియదు. పైగా ఆ బండి వల్ల ఎవడి ప్రాణమూ పోలేదు. అంతటి కీర్తి పెద్ద పెద్ద ట్యాంకులకు లేదు.

ఆ పెద్దవాటికి పెట్టింది పేరు జర్మనీ. టైగర్ కాంట్రాక్టు ఇంకా తేలకముందే హిట్లర్ మెచ్చిన ఇంజనీరు ఫెర్డినాండ్ పోర్షే సుమారు 90 ట్యాంకుల చట్రాలు సిద్ధం చేయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కాంట్రాక్టు హెన్షెల్ కంపెనీకి పోయింది. మిగిలిన చట్రాలను పారేయలేక వాటి మీద పెద్ద ఫిరంగి, ముందు 200 మిల్లీమీటర్ల కవచం పెట్టి, ఆయన పేరే తగిలించి 1943 జూలైలో కుర్స్క్ యుద్ధానికి తోలారు. అన్నీ పెట్టారు గానీ మెషీన్‌గన్ పెట్టడం మరిచారు. దూరంగా ఉన్న ట్యాంకును పేల్చగలవు, పక్కకు పాక్కుంటూ వచ్చిన రష్యన్ సిపాయిని మాత్రం ఏమీ చేయలేవు. కొన్ని మందుపాతర్ల మీదికెక్కి అక్కడే చతికిలబడ్డాయి.

ఇంతటి విజయం సాధించాక ఊరుకుంటారా? ఈసారి 188 టన్నుల ట్యాంకు, దాని పేరు మౌస్, అంటే ఎలుక. కొండను తవ్వి ఎలుకను పట్టిన మాట మన దగ్గర సామెత, వాళ్ల దగ్గర యుద్ధ పరిశ్రమ. ఆ బరువుకు వంతెనలు ఆగవు గనక నది అడుగునుంచే నడవాలన్నారు. అడుగున నడిచే ఎలుకకు గట్టు మీద నిలబడ్డ రెండో ఎలుక తీగ ద్వారా కరెంటు ఇవ్వాలట. అవతలి గట్టుకెళ్లిన మొదటిది అక్కణ్నుంచి రెండోదానికి ఇవ్వాలట. పెట్రోలు లేక మామూలు ట్యాంకులే రోడ్ల పక్కన పడి ఉన్న దేశంలో ఇదీ ఆలోచన. తయారైనవి రెండే. ఒకదాని టరెట్ ఇంకోదాని ఒంటి మీద పెట్టి రష్యన్లు కుబింకా మ్యూజియంలో నిలబెట్టారు. వెయ్యి టన్నులది కూడా కాగితం మీద గీశారు. దాన్ని 1943లో మంత్రి స్పేర్ ఆపించాడు.

రష్యన్లూ తక్కువ తినలేదు. కుక్కలకు మందుగుండు కట్టి శత్రువు ట్యాంకుల కిందికి దూరేలా శిక్షణ ఇచ్చారు. శిక్షణకు వాడింది సొంత ట్యాంకుల్నే. యుద్ధంలో వదిలితే కొన్ని కుక్కలు తెలిసిన ట్యాంకుల కిందికే, సొంత కందకాల్లోకే పరిగెత్తుకొచ్చాయి. ఆర్డరు ఎక్కణ్నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని అక్కడికే తిరిగెళ్లిన సిపాయిలు ఈ మొత్తం చరిత్రలో అవొక్కటే. మన సంగతీ చెప్పుకోవాలి. అర్జున్ ట్యాంకు 1974లో మంజూరైతే, సైన్యానికి మొదటి విడత అందింది 2004లో. పంచపాండవుల వనవాసం, అజ్ఞాతవాసం కలిపినా అంత కాలం పట్టలేదు.

ఈ పెద్దలందరికీ పాఠం చెప్పినవి రెండు. ఒకటి, 1944లో ఫ్రాన్సులో దిగిన అమెరికన్ దళం. సుమారు 1,100 మంది, అందులో చిత్రకారులు, డిజైనర్లు, సౌండు ఇంజనీర్లు. వాళ్ల ట్యాంకులు గాలి ఊదిన రబ్బరువి. లౌడ్‌స్పీకర్లలో ట్యాంకుల చప్పుడు వినిపించి జర్మన్లను ఏమార్చారు. కవచం మందం సున్న, బుర్ర మాత్రం పని చేసింది.

రెండోది 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్. అమెరికా ఇచ్చిన పాటన్ ట్యాంకులతో పాకిస్తాన్ దళం వచ్చింది. మన సైన్యం పొలాలకు నీళ్లు వదిలి బురద చేసి, చెరకు తోటల్లో పొంచి కూర్చుంది. అక్కడ పాత షెర్మన్ ట్యాంకులతో నిలిచినవాళ్లలో హైవుడ్‌లో బల్లేలు పట్టిన అదే దక్కన్ హార్స్ కూడా ఉంది. పాటన్లు బురదలో దిగబడ్డాయి, దాదాపు వంద ట్యాంకులు పోయాయి. వాటిలో కొన్నింటిని పేల్చిన అబ్దుల్ హమీద్ ఉద్యోగం కంపెనీ సామాన్ల లెక్క చూసే హవల్దారుది. ఎక్కింది పైకప్పు కూడా లేని జీపు. దాని మీద బిగించిన గొట్టం ఫిరంగితో ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోయి సెప్టెంబరు 10న అక్కడే చనిపోయాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. మన పండితులు మాత్రం ఆయన మూడు పేల్చాడా, ఏడు పేల్చాడా అని ఇంకా కొట్టుకుంటున్నారు.

కాబట్టి పాఠకులారా, ఈసారి ఏ మ్యూజియంలోనైనా ట్యాంకు ముందు ఫొటో దిగేటప్పుడు కవచం సంగతి వదిలేసి లోపలి సీట్లు లెక్కపెట్టండి. డ్రైవరుకు ఒకటి, గన్నరుకు ఒకటి, గుండు నింపేవాడికి ఒకటి, కమాండరుకు ఒకటి. ఆర్డరు వేసినవాడికి ఏ దేశమూ ఏ ట్యాంకులోనూ సీటు పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ ట్యాంకుల్లో సగం కాగితం దాటి వచ్చేవి కావు.