గిన్నె మీద మూతనయ్యాను

నన్ను మొదటిసారి చూసినవాళ్లు అద్దమనుకుంటారు. వెలుతురుకు పెడితే నెమలికంఠం రంగు, కాస్త వంచితే పసుపు, ఇంకాస్త వంచితే ఆకుపచ్చ. కళ్లు దగ్గరపెట్టి చూస్తే ఒళ్లంతా సన్నని గడులు, చేయి తిరిగిన ఇల్లాలు ముగ్గుకు చుక్కలు పెట్టినంత వరసగా. నేను అద్దాన్ని కాను, సిలికాన్ వేఫర్‌ని. నా మీది ఒక్కో గడి ఒక్కో చిప్. మొహాలీలో నా మీద రాత రాశారు. తెనాలిలో పగిలాను.

నా మూలం ఇసుక. అందులోని సిలికాన్‌ను విడదీసి, వంద కోట్ల అణువులకు ఒక్క పరాయి అణువు మిగిలేంత శుద్ధి చేసి, కరిగించి కడ్డీగా లాగి, పల్చగా బిళ్లలు కోస్తే నాలాంటివాళ్లు వస్తారు. అంతవరకూ ఉత్త పలకలమే. నాకు అక్షరాభ్యాసం జరిగింది పంజాబ్‌లో, చండీగఢ్ పక్కనున్న మొహాలీలో. అక్కడ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. 1976లో కేంద్రం దానికి ఆమోదం తెలిపింది. 1984 నాటికి అక్కడ చిప్‌ల తయారీ మొదలైంది. ఎలక్ట్రానిక్ గడియారాలను నడిపే చిప్‌లను గీశారు నా మీద.

ఆ రోజుల్ని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. పాతిక వేఫర్ల జట్టులో ముందు నడిచేదాన్ని నేను. ప్రతి అంచెకూ మొదట నన్ను పంపేవారు. వెయ్యి డిగ్రీల కొలిమిలో ముందు నేను నిలబడ్డాను. పసుపు దీపాల గదిలో, వెలుతురు పడితే మారిపోయే పూత పూసి, ముందు నా మీదే బొమ్మ దింపారు. తలవెంట్రుక మందంలో పదిహేను గీతలు పట్టేంత సన్నని గీతలవి, ఒక్కోటి 5 మైక్రాన్లు. ఒక పొర మీద ఇంకో పొర సరిగ్గా కూర్చుందా లేదా అని మైక్రోస్కోపు కింద నన్ను పెట్టి కొలిచేవారు. గీత రవ్వంత పక్కకు జరిగితే యంత్రాన్ని సరిచేసి, ఆ తర్వాతే మిగతావాళ్లను పంపేవారు. నా తప్పు చూసి వాళ్లను దిద్దారు. వాళ్లు ముక్కలై, కాళ్లు తొడుక్కుని, గడియారాల్లోకి చేరారు. నన్ను కోయలేదు. అందుకు నాకు బాధ లేదు. ముందు నడిచినదాని పని అదే.

అలా నన్ను కొలిచినవాళ్లలో ఒక తెనాలి కుర్రాడు ఉండేవాడు. నా పని అయిపోయాక పారేయడానికి మనసొప్పక, అడిగి తీసుకున్నాడు. 1989 సంక్రాంతికి దూదిలో పొదిగి, బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని, రైల్లో ఇంటికి తెచ్చాడు.

"అద్దమా నాయనా?" అంది వాళ్లమ్మ, నాలో బొట్టు చూసుకుంటూ.

"అద్దం కాదమ్మా. గడియారానికి బుర్ర. ఇలాంటివి మేమే చేస్తున్నాం."

"మనవాళ్లకు ఎవరు నేర్పార్రా ఇది?"

"అమెరికాలో ఏఎంఐ అని ఒక కంపెనీ. పద్ధతి వాళ్లది. చేసేది మనం."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అంటే తోడు పొరుగింటిది, పాలు మనవి" అంది. కుర్రాడు నవ్వాడు. "సరిగ్గా చెప్పావమ్మా" అన్నాడు. ఎన్ని సభల్లో ఎంతమంది పెద్దలు మాట్లాడినా, చిప్‌ల పరిశ్రమ గురించి అంతకంటే సూటైన మాట నేను ఎక్కడా వినలేదు.

పండగ వెళ్లి నెల తిరగకుండానే ఉత్తరం వచ్చింది. 1989 ఫిబ్రవరి 7న మొహాలీలో మంటలు లేచాయి. నేను నిలబడ్డ కొలిమి, పసుపు దీపాల గది, నన్ను కొలిచిన మైక్రోస్కోపు, అన్నీ పోయాయి. ఆవిడ ఉత్తరం చదివి, లేచి వచ్చి, గూట్లోంచి నన్ను తీసి కొంగుతో తుడిచింది. ఏమీ అనలేదు.

పోయినవి యంత్రాలే అయితే డబ్బుతో మళ్లీ కొనవచ్చు. 5 మైక్రాన్లతో మొదలైన మొహాలీ, తన ఇంజినీర్ల కష్టంతో 0.8 మైక్రాన్ దాకా వచ్చింది. ఏ కొలిమిలో ఎంతసేపు పెడితే పూత సమంగా పట్టుకుంటుందో, ఏ కాలంలో గాలి తేమ ఎంత మారితే బొమ్మ చెదురుతుందో, అదంతా రోజూ చేస్తూ చేతుల్లోకి ఎక్కించుకున్న విద్య. వేఫర్ మీద వంద గడులుంటే అందులో ఎన్ని మంచివన్నదే మా లోకంలో దిగుబడి. రైతుకు లాగే మాకూ దిగుబడే ప్రాణం. అది ఒక్కరోజులో పెరగదు. ఇవాళ్టి తప్పును రేపు దిద్దుకుంటూ, పూటకింత పెరుగుతుంది. పని ఆగిందంటే ఆ లెక్క అక్కడే ఆగుతుంది. మొహాలీలో మళ్లీ ఉత్పత్తి మొదలయ్యేసరికి 1997 వచ్చింది. ఎనిమిదేళ్లు. ఆలోగా ప్రపంచం 0.35 మైక్రాన్ దాటి 0.25కి చేరుతోంది.

ఇదే కథ తైవాన్‌లో ఎలా నడిచిందో చెప్పాలి. మనకు ఆమోదం వచ్చిన 1976లోనే తైవాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐటీఆర్ఐ, అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. తెచ్చుకున్నది 7 మైక్రాన్ల పద్ధతి, అప్పటికే పాతబడినది. కుర్ర ఇంజినీర్లను అమెరికా పంపి నేర్పించారు. తిరిగొచ్చి సించు నగరంలో చిన్న కర్మాగారం పెట్టి, గడియారాల చిప్‌లతోనే మొదలుపెట్టారు. కొన్నాళ్లకు వాళ్ల దిగుబడి నేర్పిన గురువును మించింది. ఆ పొయ్యి మళ్లీ చల్లారలేదు. ఆ సంస్థలోంచే 1980లో యూఎంసీ, 1987లో మోరిస్ చాంగ్ నడిపిన టీఎస్ఎంసీ పుట్టాయి. వాళ్ల పాలు మనకంటే చిక్కనివి కావు. వాళ్లు తోడు ఆరిపోనివ్వలేదు, అంతే తేడా.

మా కుర్రాడు రెండేళ్లు చూసి అమెరికా వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను. కొలిమి లేనిచోట కొలిచేవాడు ఎన్నాళ్లు కూర్చుంటాడు? నన్ను మాత్రం వదిలేసి వెళ్లాడు. ఎవరి చేతికి దక్కితే వాళ్ల అవసరానికి ఒదగడమే నా బతుకైంది. కొన్నాళ్లు గూట్లో బొట్టద్దాన్ని. కొన్నాళ్లు వేడి గ్లాసు కింద బిళ్లను. చివరికి ఒకరోజు పెరుగు గిన్నె మూత కనిపించకపోతే నన్ను తెచ్చి దాని మీద పెట్టారు. సరిగ్గా సరిపోయాను. దుమ్ము రేణువు పడితే పనికిరానని నా కోసం గాలిని వడగట్టారు ఒకప్పుడు. ఇప్పుడు నా మీద మీగడ మరకలు, అంచుకు జిడ్డు, ఈగలు. మొదట్లో ఏడ్చాను.

కానీ ఆ గిన్నె మీద కూర్చునే నాకు తత్వం బోధపడింది. రోజూ రాత్రి ఆవిడ పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసేది. వేడి ఎక్కువుంటే తోడు చచ్చిపోతుంది, తక్కువుంటే పట్టుకోదు. చెంచాడు తోడు వేసి, కలిపి, నన్ను మూసి, చలికాలమైతే గిన్నెను బియ్యం డబ్బాలో దింపేది. ఎంత ఒంట్లో బాగోకపోయినా ఈ పని మరొకరికి వదిలేది కాదు. ఒకసారి ఇంట్లో శుభకార్యం. చుట్టాలు గిన్నె అడుగు దాకా ఊడ్చేశారు. రాత్రి చూస్తే చెంచాడు కూడా మిగల్లేదు. ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. "వదినా, కాస్త తోడు పెడతావా?" అని అడగడం నాకు వినిపించింది. తిరిగొచ్చి కోడలితో అంది: "పెరుగు అయిపోయినందుకు కాదే నా కోపం. తోడుకు మిగల్చనందుకు."

నేను పగిలింది ఆ వంటింట్లోనే. పై అర నుంచి కంచు చెంబు జారి నా మీద పడింది. గాజైతే వంకరటింకరగా చిట్లుతుంది. నాది లోపలిదాకా వరసలు తీరిన స్ఫటికం. స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా రెండు ముక్కలయ్యాను. పాత సామాన్లు కొనేవాడికి చూపించారు. అతను గోటితో మీటి, "ఇనుమూ కాదు, ఇత్తడీ కాదు, దీన్నేం చేసుకోను తల్లీ" అని తిరిగి ఇచ్చేశాడు. మళ్లీ ఆ బిస్కెట్ల డబ్బాలోకి, అక్కడినుంచి అటక మీదికి.

అటక మీద కాలం కదలదు. ఎండాకాలం పెంకుల వేడి, వానాకాలం చెమ్మ, ఎలుకల చప్పుడు. కింద ఇంట్లో మాత్రం ఏడాదికో కొత్త మోత. రంగుల టీవీ, ల్యాండ్‌లైన్, వాషింగ్ మెషీన్, మనిషికో సెల్‌ఫోన్. ఒక్కోదాని కడుపులో నా జాతివాళ్లు డజన్లకొద్దీ ఉన్నారు. దాదాపు అంతా పరాయి గడ్డ మీద పుట్టినవాళ్లే. ఒకసారి టీవీలో శంషాబాద్ దగ్గర ఫ్యాబ్ సిటీ వస్తోందన్నారు. డబ్బాలోనే ఒళ్లు పులకరించింది. సోలార్ పలకలవాళ్లు, ఇతర ఎలక్ట్రానిక్స్ వాళ్లు వచ్చారు గానీ, అనుకున్న చిప్‌ల కర్మాగారం రాలేదు. ఊరికి పేరు మిగిలింది. ఆ తర్వాత కరోనా కాలంలో చిప్‌లు దొరక్క కార్ల ఫ్యాక్టరీలే పని తగ్గించుకున్నాయని విన్నాను. గోరంత బిళ్ల లేక కారు ఆగిపోతుందని లోకానికి అప్పుడు తెలిసింది. తోడు కోసం అందరూ ఒకే ఇంటి గుమ్మంలో నిలబడితే ఏమవుతుందో కింద ఇంట్లో ఆవిడను అడిగితే ముందే చెప్పేది.

మొన్న భోగికి అటక దులిపారు. చెక్కలు, చాపలు, పాత బుట్టలు మంట దగ్గరికి పోతున్నాయి. డబ్బా కూడా ఆ కుప్పలో పడింది. మూత ఊడి నేను బయటికి దొర్లితే ఒక అమ్మాయి పరుగున వచ్చి తీసింది. మా కుర్రాడి అన్న కూతురట. నన్ను అద్దమనలేదు. వెలుతురుకు వంచి, "నాయనమ్మా! వేఫరు! ఎక్కడిదిది?" అని అరిచింది. ముప్పై ఏడేళ్లకు నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు దొరికారు.

ఎనభై దాటిన ఆవిడ ఒళ్లో నన్ను పెట్టి ఆ పిల్ల చాలా సంగతులు చెప్పింది. మొహాలీ చావలేదట. 2006లో అంతరిక్ష శాఖ కిందికి వెళ్లి సెమీకండక్టర్ లేబొరేటరీ అయింది. ఇజ్రాయెల్ కంపెనీ టవర్ దగ్గర 180 నానోమీటర్ల పద్ధతి తెచ్చుకుంది. 2009 నుంచి మన రాకెట్లను నడిపిస్తున్న విక్రమ్ 1601 చిప్ తర్వాత, 32 బిట్ల విక్రమ్ 3201ను అక్కడే తయారుచేసి 2025 సెప్టెంబరులో దేశానికి చూపించారు. సున్నాకు 55 డిగ్రీల కింద చలిలోనూ, 125 డిగ్రీల వేడిలోనూ తడబడకుండా పనిచేస్తుందట. కాలిపోయిన నా పుట్టింట్లో ఇంత దీపం వెలిగిందంటే నాకు నోట మాట రాలేదు.

2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో ప్రోత్సాహక పథకం ప్రకటించింది. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీతో కలిసి కర్మాగారం కడుతోంది. 91,000 కోట్ల పెట్టుబడి. నెలకు 50,000 వేఫర్లు లక్ష్యం, అదీ అన్నం కంచమంత వెడల్పువి. మన ఆంధ్రప్రదేశ్‌కూ కొరియా సాంకేతికతతో చిప్‌లకు పైతొడుగులు వేసి పరీక్షించే ఒక కర్మాగారం 2025 ఆగస్టులో మంజూరైంది. ధొలేరా పని కోసం ఈ పిల్ల శిక్షణకు తైవాన్ వెళుతోందట.

"అయితే మళ్లీ పొరుగింటికే తోడుకు వెళ్తున్నావన్నమాట" అంది ఆవిడ.

"అవును నాయనమ్మా."

"వెళ్లు. తోడు అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. తెచ్చుకున్నాక మాత్రం రోజూ కాచుకోవాలి. మీ బాబాయి బాధంతా అదే."

నేను చెప్పాలనుకున్నదీ ఇంతే. మాలాంటి పరిశ్రమకు శంకుస్థాపన మొదటి రోజు మాత్రమే. తర్వాత పదేళ్లో ఇరవయ్యేళ్లో రాత్రీ పగలూ ఆరకుండా కొలిమి మండాలి. క్షణం తొణకని కరెంటు, మచ్చలేని నీళ్లు కావాలి. నేర్చిన చేతులు ఊరు వదలకుండా ఉండాలి. చేసినదాన్ని కొనేవాళ్లు ఇంట్లోనే ఉండాలి. మొదట్లో దిగుబడి తక్కువైతే నిందించకుండా ఆగే ఓపిక ఉండాలి. ఒక ప్రభుత్వం వెలిగించినదాన్ని వచ్చేవాళ్లు కూడా కాచుకోవాలి.

నా పెద్దముక్క ఇప్పుడు ఆ పిల్ల పుస్తకంలో, దూది మధ్య ఉంది. ప్రయాణం ఎల్లుండి. చిన్నముక్కను ఆవిడ వంటింటి గూట్లో, దేవుడి పటం పక్కన నిలబెట్టుకుంది. అక్కడినుంచి పెరుగు గిన్నె కనిపిస్తుంది. దాని మీద ఇప్పుడు స్టీలు మూత ఉంది. రాత్రి భోజనాలకు పిల్లలందరూ కూర్చున్నారు. ఆవిడ మూత తీసి, ముందుగా ఒక చెంచాడు తోడుకు పక్కన పెట్టింది. ఆ తర్వాతే వడ్డించింది.