గుర్రములమ్మని అంగడి

హైదరాబాదులో సైన్యము కావలసినవాడు కంటోన్మెంటు వైపు పోనక్కరలేదు. అమీర్‌పేట దాటి, యూసుఫ్‌గూడ దారి పట్టి, కృష్ణానగర్‌లో దిగి, ఏదేని యొక టీ కొట్టు ముందు నిలువబడి, రేపటికి రెండువందల కాల్బలము కావలెనని ఒక్క సినిమా ఏజెంటు చెవిని వేసినచో, తెల్లవారకముందే ఆ బలగమంతయు వ్యానులెక్కి సిద్ధముగా నుండును. ఉదయమున వీరు కాకతీయ భటులు. మధ్యాహ్న భోజనానంతరము ఢిల్లీ సుల్తాను భటులు. రాజభక్తి యంతయు బత్తాను బట్టి యుండును. ఇట్టి చతురంగ బలముల నడుమ చిరకాలము కాపురముండుట చేత నాకు యుద్ధవిద్యలో పాండిత్యము లేకున్నను అభిప్రాయములు మాత్రము మెండుగా సంక్రమించినవని మా యింటివారు పరిహసింతురు.

ఆ అభిప్రాయములను వెళ్లబోసికొను అవకాశము మా పైవాటాలోని కుర్రవాని వలన కలిగినది. అతడు పల్నాటివాడు. మైత్రీవనము దగ్గర ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుటకు వచ్చి, పగలు దానిని నేర్చుచు, రాత్రులందు కంప్యూటరుపై రాజ్యములేలుచుండును. ఒకనాటి రాత్రి, మా ఎదురింటనుండు వృద్ధ జూనియర్ ఆర్టిస్టును వెంటబెట్టుకొని, అతని యుద్ధము చూడబోతిని. ఈ పెద్దమనిషి తెలుగు తెరపై ఎన్ని యుద్ధములలో ప్రాణములు విడిచెనో ఆయనకే గుర్తులేదు. గెలిచిన పక్షమున నిలిచిన భాగ్యము మాత్రము ఎన్నడును పట్టలేదు.

తెరపై నడచుచున్నది 1999లో పుట్టి నేటికిని చావని ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగము. అందు ఊరి నడుమ కొలువుతీరిన భవనము నుండి, ఏబది పాళ్ల ఆహారము చెల్లించినచో, ఇరువదియైదు సెకండ్లలో ఒక పౌరుడు పుట్టుకొని వచ్చును. ఉయ్యాల లేదు, అక్షరాభ్యాసము లేదు, పెండ్లి సంబంధముల బెడద లేదు. పుట్టగనే గొడ్డలి పుచ్చుకొని అడవికి పోవును. మా వృద్ధ సైనికుడు ఇదంతయు ఓర్చుకొనెను గాని, యుద్ధము మొదలై నలుగురు కూలగనే పెదవి విరిచెను.

“ఇదేం యుద్ధం బాబూ! చచ్చినోడు చచ్చినచోటే కరిగిపోతున్నాడు. మేమైతే డైరెక్టరు గారు కట్ చెప్పేదాకా నెత్తిన ఎండ, వీపు కింద రాళ్లు పెట్టుకుని కదలకుండా పడి ఉండాలి. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు.”

“అన్నీ అలా నిజంగా పెడితే ఎవరాడతారు తాతా? బోరు కొట్టదూ?” అనెను కుర్రవాడు, తెరనుండి చూపు మరల్చకయే.

నిజము ముదిరిన ఆట యెట్లుండునో ఎరుగుటకు ఊహతో పనిలేదు. 1979లో అమెరికాలో ‘ఉత్తరాఫ్రికా దండయాత్ర’ యను అర్థము వచ్చు పేరుతో ఒక అట్టబల్ల ఆట వెలువడినది. పదిమంది కూర్చుండి ఆడవలెను. ఆడి ముగించుటకు వెయ్యి గంటలు దాటునని ప్రసిద్ధి. ప్రతి విమానమునకు, ప్రతి పీపా పెట్రోలునకు లెక్క వ్రాయవలెను. ఇది చాలదన్నట్లు, ఇటలీ సైనికులు ఎడారిలో సైతము తమ పాస్తాను ఉడికించుకొందురు గావున, వారికి అదనముగా నీరు కేటాయించవలెనని అందొక నియమము! ఈ న్యాయముననే మన సేనలకు పులుసులోనికి చింతపండును, పెరుగు లేనినాడు కలుగు తిరుగుబాటును గణించుచు కూర్చున్నచో, రాయల సేన రాయచూరు చేరకముందే ఆటగాని సెలవులు ముగియును.

కావున ఆటలో కొంత అబద్ధముండక తప్పదు. ఎక్కడ అబద్ధమాడవలెననునదే ప్రశ్న. 2022లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగమునకు చేర్చిన భారత రాజవంశముల అనుబంధములో, చోళులను ముందు నిలిపి దక్షిణాపథమునంతటిని ‘ద్రావిడులు’ అను నొక్క గంపలో నెత్తినారు. వీరికి నౌకాబలము మెండు, కాల్బలము దిట్టము. కవచములను లెక్కసేయని ఉక్కు కలదు. ఆ చివరిదానికి నాకు అభ్యంతరము లేదు సరికదా గర్వము కూడ కలదు. ఏలయనగా డమాస్కసు కత్తులకు పేరు తెచ్చిన ఆ ఉక్కును కాచిన ఊళ్లలో మన నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఒకటి. అయితే, వీరికి మేలైన అశ్వబలము లేకుండ చేసినారు. కుర్రవాడు దీనికి మిక్కిలి నొచ్చుకొని, “చూశారా బాబాయిగారూ, మనవాళ్లకి గుర్రాల్లేవట!” అనెను.

నిజమునకు ఇది అన్యాయము కాదు. మేలుజాతి గుర్రము మన నేలపై వృద్ధి చెందలేదు. అది ఓడ నెక్కి ఓర్ముజు నుండియు, ఏడెను నుండియు రావలసినదే. పదునారవ శతాబ్దిలో విజయనగరమున నున్న నూనిజ్ అను పోర్చుగీసు గుర్రపు వర్తకుడు, అచటి రాజు ఏటేట 13,000 గుర్రములను, ఓర్ముజువియు నాటువియు కలిపి, కొనుచుండెనని వ్రాసినాడు. అంతకు మున్ను సాళువ నరసింహుడు మరియొక యడుగు ముందుకు వేసి, నడిసముద్రమున చచ్చిన గుర్రమునకు తోక మాత్రము తెచ్చి చూపినను, బ్రతికిన గుర్రమునకు వలెనే సొమ్ము చెల్లించెనట. పైకి వెఱ్ఱిగా తోచు ఈ ఏర్పాటులో ఎంత రాజనీతి యున్నదో చూడుడు! సముద్రపు నష్టము రాజు నెత్తిన పడినప్పుడు, వర్తకుడు తన ఓడను మరియొక రాజు రేవునకు ఏల త్రిప్పును? ఆ ఆటలోను ఒక అంగడి కలదు. అందు కలప, రాయి, ధాన్యము బంగారమునకు దొరకును. గుర్రము మాత్రము దొరకదు. గుర్రములు పుట్టని దేశమని చెప్పుట సత్యము. వానిని కొనుటకు వీలులేదనుట విజయనగర చరిత్ర సగమును తుడిచివేయుట.

ఇట్లని నేను విమర్శించుచుండగా, కుర్రవాడు ఆట మార్చి, ‘యూరోపా యూనివర్సాలిస్’ నాలుగవ భాగమును తెరచెను. అది 1444 నవంబరు 11వ తేదీన, రెండవ దేవరాయలు విజయనగరమునేలు కాలమున మొదలగును. అందు కోట ముట్టడి పాచికపై నడచును: నెల కొకసారి పాచిక పడును, ఒకటి పడెనా, ముట్టడించువాని శిబిరములోనే వ్యాధి ప్రబలును. అతనికి ఆ రాత్రి ఒకట్లే పడసాగెను. “ఇది మోసం! ఇంత సైన్యం పెట్టుకుని ఇన్నాళ్లా?” అని అతడు బల్ల గుద్దెను.

మోసమేమియు లేదు. మా వీథి నుండి ఆటోలో పోదగిన దూరముననే గోల్కొండ యున్నది. 1687లో ఔరంగజేబు దాని ముందు ఎనిమిది నెలలు పడిగాపులు పడెను. వాన, వరద, కరవు, రోగము ఆయన శిబిరమునే తినివేసినవి. కోటగోడల క్రింద పెట్టించిన మందుపాతరలు వెనుదిరిగి ఆయన సైనికులనే పొట్టనబెట్టుకొన్నవి. అగడ్త పూడ్చుటకు కావలసిన సంచులలో మొదటిదానిని చక్రవర్తి స్వహస్తములతో కుట్టెనట. తుదకు కోట ఫిరంగులకు లొంగలేదు. లోపలి సర్దారు అబ్దుల్లాఖాన్ పన్నీ రాత్రివేళ తలుపు తెరచినందుననే లొంగినది. బంధింపవచ్చిన మొగలు సర్దారులను గోల్కొండ సుల్తాను తానీషా మర్యాదతో కూర్చుండబెట్టి, తన భోజనవేళ యైనదని వడ్డనకు ఆజ్ఞాపించెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసినాడు. దీనిని ఉన్నదున్నట్లు ఆటలో పెట్టినచో, ఎనిమిది నెలలు కోట కాచినవాడు ఒక్క తలుపు గడియ వలన ఓడి, ఆట అమ్మినవానిని తిట్టుచు సొమ్ము వాపసు అడుగును. చరిత్ర యెవరికిని వాపసు ఇవ్వదు, ఆట ఇచ్చుకొనవలెను. అందుచేతనే ఆటలో ఓటమికి ఆటగాని తప్పేదియో ఒకటి కనబడవలెను. అంకెలు, కాలము, దూరము ఎంత కుదించినను నాకు సమ్మతమే. కారణమును మార్చిన మాత్రము సమ్మతింపను.

ఇక సరితూకము మాట. బలములు సమముగా లేనిదే చరిత్ర, సమముగా ఉన్నదే ఆట యనువారు మన పులి–మేక ఆటను చూడలేదని యెంచెదను. మూడు పులులు, పదునైదు మేకలు. పులి తినుటచే గెలుచును, మేక చుట్టుముట్టుటచే గెలుచును. బలము వేరు, గెలుపు వేరు. అయినను ఆట సరితూగుచున్నది. ఊరి అరుగులపై సుద్దతో గీసికొని ఆడిన మన పెద్దలకు తెలిసిన ఈ కిటుకును మరచి, కోటానుకోట్లు వెచ్చించి, ఇరుపక్షములకును ఒకే కత్తిని, ఒకే గుడిసెను ఇచ్చి చేతులు దులుపుకొను ఆటలు నేటికిని వచ్చుచున్నవి.

ఈ నగరమున ఆటలు తయారుచేయు యువకులు ఎందరో ఉన్నారు. వారికి నా విన్నపమొకటి: పల్నాటి యుద్ధమును ఆటగా చేయుడు. కోడిపందెములో ఓడి ఏడేండ్లు ప్రవాసము గడుపవలసిన బ్రహ్మనాయుని ఆటగాడు అంతకాలము ఏమి చేయవలెనో మా పల్నాటి కుర్రవాడు ఆలోచించుచున్నాడు. మృతవీరులు కరిగిపోరాదని మా ఎదురింటి ఆర్టిస్టు గట్టిగా చెప్పుమన్నాడు. వారికి బత్తా కూడ చూపవలెనట. బ్రహ్మనాయుని ప్రత్యర్థి నాగమ్మ పక్షమున ఆడుటకు నా పేరును మొదట వ్రాసికొనుడు.